రికవరీ మీద నిలబడ్డ శిక్షల గురించి: రెండు హైకోర్టుల న్యాయమూర్తులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల గౌరవ ప్రధాన న్యాయమూర్తులకు,
క్రిమినల్ అప్పీళ్లు వింటున్న గౌరవ న్యాయమూర్తులందరికీ,

నమస్కారం.

నేను సెషన్స్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున, ఆ తర్వాత న్యాయ సహాయ ప్యానెల్ తరఫున అప్పీళ్లలో పనిచేస్తున్న న్యాయవాదిని. పెండింగులో ఉన్న కేసు గురించి కోర్టు బయట మాట్లాడకూడదన్న పద్ధతి తెలిసినవాణ్ణి కాబట్టి, నా చేతిలో ఉన్న ఏ కేసునూ ఇక్కడ ప్రస్తావించడం లేదు. రాస్తున్నది ఒక రకం సాక్ష్యం గురించి మాత్రమే. ముద్దాయి చూపించగా దొరికిందని పోలీసులు చెప్పే వస్తువు. కోర్టు వరండాల్లో అందరం రికవరీ అంటాం. ప్రత్యక్ష సాక్షి లేని హత్య కేసుల్లో జీవిత ఖైదులు చాలావరకు దీని మీదే నిలబడి ఉన్నాయి. అప్పీలులో దీన్ని పరీక్షించే తీరు ఇంకా గట్టిపడాలని అడగడానికే ఈ లేఖ.

రికవరీకి సాక్షులుగా పోలీసులు పిలిచే మధ్యవర్తుల (పంచుల) నివేదిక ఎలా ఉంటుందో తమకు తెలియనిది కాదు. అయినా పాఠకుల కోసం ఒకసారి చెప్పనివ్వండి. తెల్లవారుజామున ఫలానా బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతున్న వ్యక్తిని సీఐ గారు తన సిబ్బందితో పట్టుకున్నారని మొదలవుతుంది. పక్కన ఇద్దరు మధ్యవర్తులు ఉంటారు. ఎక్కువసార్లు ఒక వీఆర్వో, ఆయన దగ్గర పనిచేసే ఇంకొకరు. తర్వాత ఒప్పుకోలు. "నేను చెడు వ్యసనములకు బానిసనై, సులభముగా డబ్బు సంపాదించవలెనను దురుద్దేశముతో" అని ఎత్తుకుని, "మీరు నా వెంట వచ్చినచో దాచిన ప్రదేశము చూపించెదను" దగ్గర ముగుస్తుంది. ముద్దాయి తండా నుంచి వచ్చిన కూలీ కావచ్చు, ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన పనివాడు కావచ్చు, బడి ముఖం చూడని పశువుల కాపరి కావచ్చు. ఎవరైనా సరే, స్టేషన్ రైటర్ భాషలోనే నేరం ఒప్పుకుంటాడు.

నేను చూసిన ఒక పాత ఫైల్లో ఇద్దరు ముద్దాయిల వాంగ్మూలాలు గంట తేడాతో విడివిడిగా రాసినట్టు ఉంది. పేరాకు పేరా ఒకటే. ఒకచోట మొదటివాడి భార్య పేరు రెండోవాడి వాంగ్మూలంలో అలాగే ఉండిపోయింది. తర్వాత ఎవరో గమనించినట్టున్నారు. ఆ పేరు కొట్టేసి, పైన సరైన పేరు రాసి, దిద్దుబాటు పక్కన మధ్యవర్తులిద్దరి చేత పొట్టి సంతకాలు పెట్టించారు. ఆ కొట్టివేత గురించి విచారణలో ఒక్క ప్రశ్న కూడా పడలేదు. న్యాయ సహాయం కింద వచ్చిన లాయరుకు కాగితాలు అందిందే సాక్షుల విచారణ ముందు రోజు సాయంత్రం. తీర్పులో మాత్రం "మధ్యవర్తుల సాక్ష్యం అచంచలంగా నిలిచింది" అని ఉంది. అడగని ప్రశ్నకు సాక్షి చలించడు కదా. అప్పీలు కోర్టు చూడాల్సిన చోటు ఇదే అనుకుంటాను. ఎదుటి లాయరు ప్రశ్నించే క్రాస్‌లో సాక్షి నిలబడ్డాడా అన్నదానికన్నా ముందు, అసలు క్రాస్ జరిగిందా అని.

ఈ విషయంలో దేశమంతా చదివే తీర్పు మన నేల మీది కేసులోనే వచ్చింది. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు దాటి, బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. తీర్పు 1946 డిసెంబరులో వచ్చింది. అందులో ఒక ముద్దాయి పోలీసులకు చెప్పినట్టు రాసుకున్న వాంగ్మూలంలో రెండు సంగతులున్నాయి. పులిపాడు చెరువు మూలన పొద్దుగూకే వేళ కాపుకాసి కొట్టి చంపామన్నది ఒకటి. ఈటెనూ నా కర్రనూ ఊళ్లో ఫలానా ఆయన గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తానన్నది రెండోది. మొదటిది సాక్ష్యంగా పనికిరాదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. గడ్డివాములో దాచాను, చూపిస్తాను అన్న ముక్క మాత్రమే చెల్లుతుందంది. దానికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ మనకు దిక్సూచి. ఉదాహరణకు కత్తి దొరికితే, బయటపడింది కత్తి అనుకోవడం పొరపాటు, కత్తులు ఎప్పటినుంచో లోకంలో ఉన్నవే. బయటపడింది ఆ వస్తువు ఉన్న చోటు, ఆ చోటు ముద్దాయికి తెలుసన్న సంగతి. ఆ కత్తినే నేరంలో వాడారని వేరే సాక్ష్యం చూపకపోతే రికవరీకి విలువ అంతవరకే.

పాత సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా ఉన్న ఈ నియమాలు 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కిందికి వచ్చాయి. అంకె మారింది, సారం మారలేదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదన్నది నియమం, రికవరీ దానికి మినహాయింపు. ఆచరణలో ఆ మినహాయింపు వాకిలి గుండానే మొత్తం ఒప్పుకోలు లోపలికి వస్తోంది. ఎగ్జిబిట్‌గా మార్క్ చేసేది అనుమతించిన ముక్కనే. కానీ కాగితం మొత్తం కట్టలోనే ఉంటుంది. మనిషి కన్ను దాన్ని చదవక మానదు, చదివిన మనసు మరిచిపోదు. అందుకే చెల్లని భాగాన్ని, అప్పీలు కోర్టు కోసం తయారుచేసే కాగితాల కట్ట అయిన పేపర్ బుక్‌లో అచ్చు వేయకుండా విడిగా సీలు చేసి ఉంచమని రిజిస్ట్రీకి చెప్పగలిగితే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఎంతో మేలు జరుగుతుంది.

2022 అక్టోబరులో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఒకటి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మరణశిక్ష కేసు, రెండోది కర్ణాటక హత్య కేసు. స్వతంత్ర పంచులను ముందే స్టేషనుకు పిలిచి, వాళ్ల ఎదుటే ముద్దాయి తన మాటల్లో చెప్పాలని, ఆ మాటలే పంచనామాలోకి ఎక్కాలని, ఆ తర్వాతే అందరూ కలిసి బయల్దేరాలని, దర్యాప్తు అధికారి బోనులో నిలబడి ముద్దాయి సరిగ్గా ఏమన్నాడో చెప్పాలని ఆ తీర్పుల సారం. "ముద్దాయి ఒప్పుకున్నాడు, వెళ్లాం, దొరికింది" అంటే రుజువు కాదు. రెండు కేసుల్లోనూ ముద్దాయిలు విడుదలయ్యారు. ఈ కొలతతో చూస్తే మన రెండు రాష్ట్రాల జైళ్లలో ఉన్న ఎందరి శిక్షలు నిలబడతాయో నేను చెప్పలేను. కొలిచి చూడమనే అడుగుతున్నాను. వకీలు ఆ పాయింటు లేవనెత్తినా, ఎత్తకపోయినా. అప్పీలు విచారణకు వచ్చినప్పుడు లాయరు హాజరు కాలేదని కొట్టేయడానికి వీల్లేదని, రికార్డు చూసి మెరిట్ మీదే తేల్చాలని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు వచ్చి కూడా చెప్పాల్సింది చెప్పకపోతే ముద్దాయి పరిస్థితి అంతకన్నా మెరుగేమీ కాదు.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరు 27న హత్యకు గురైన విద్యార్థిని కేసు తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. 2008 ఆగస్టులో ఒక పేదింటి యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాదులోని అప్పటి ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, ప్రభుత్వం లక్ష రూపాయలు చెల్లించాలని, దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకోవాలని ఆదేశించింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ అరెస్టు నుంచి ఆ రోజు దాకా ఎనిమిదేళ్లు దాటిపోయాయి. అతని ఇరవైల వయసు జైల్లోనే కరిగిపోయింది.

ఆ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఈ అబ్బాయి హంతకుడు కాదని మొదటినుంచీ మొత్తుకున్నారు. ముద్దాయి హక్కులంటే బాధితులకు వ్యతిరేకమని వాదించేవాళ్లు ఆ తల్లి మాటలు ఒకసారి విని చూడాలి. తప్పుడు మనిషికి శిక్ష పడిన రోజునే అసలు మనిషి కోసం వెతకడం ఆగిపోతుంది. 2018లో హైకోర్టు మళ్లీ దర్యాప్తు చేయమన్నాక చూస్తే, విజయవాడ కోర్టులో ఉండాల్సిన ఆధారాలు ధ్వంసమైపోయాయని తేలింది. కేసు సీబీఐకి వెళ్లింది. ఆ ధ్వంసం మీద కూడా వేరుగా కేసు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి అవశేషాలను, పూడ్చిన పన్నెండేళ్లకు, బయటికి తీసి మళ్లీ పరీక్షించారు. కోర్టు గదిలో ఒక పెట్టెలో భద్రంగా ఉండాల్సిన వస్తువులు లేకపోవడం వల్ల ఒక కుటుంబం ఆ దృశ్యం చూడాల్సి వచ్చింది.

పై కోర్టు ఖరారు చేసింది కదా, ఇక ఫరవాలేదు అనుకోవడానికీ లేదు. మహారాష్ట్రకు చెందిన ఆరుగురు సంచార జాతి కూలీల కేసులో 2009లో సుప్రీంకోర్టే ముగ్గురి మరణశిక్షను ఖాయం చేసి, మిగతా ముగ్గురి యావజ్జీవాన్ని కూడా మరణశిక్షగా పెంచింది. అదే సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఆరుగురూ నిర్దోషులని చెప్పి, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మంది. వాళ్లలో ఒకరు నేరం జరిగిందన్న నాటికి మైనరు. నోయిడా దగ్గరి నిఠారీలో పిల్లల వరస హత్యల కేసులు చూడండి. 2011లో ఒక కేసులో ఖాయమైన శిక్ష అలాగే ఉండగా, అదే ఒప్పుకోలు, అదే రికవరీల మీద నడిచిన 12 కేసుల్లో 2023లో అలహాబాద్ హైకోర్టు ముద్దాయిని వదిలింది. ఒకే సాక్ష్యం 12 చోట్ల చెల్లక ఒక్కచోట చెల్లుతుందా? ఆ ఒక్క శిక్షనూ, రివ్యూ తర్వాత మిగిలే చివరి అర్జీ అయిన క్యూరేటివ్ పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2025 నవంబరులో రద్దు చేసేసరికి అతను జైలుకెళ్లి దాదాపు 19 ఏళ్లు. ఆ చిన్న పిల్లలను చంపిందెవరో ఇప్పుడు ఏ కోర్టు చెప్పగలదు? తల్లిదండ్రుల ముందు మిగిలింది ఆ ప్రశ్నే.

ఇప్పుడు చాలా కేసుల్లో రికవరీకి తోడుగా డీఎన్ఏ రిపోర్టు వస్తోంది. దీన్ని చూడగానే డిఫెన్స్ లాయర్లం కూడా చేతులు ముడుచుకుంటున్నాం. ల్యాబులో జరిగే పరీక్ష గురించి నాకు సందేహం లేదు. సందేహమంతా ప్యాకెట్ ప్రయాణం మీద. రక్తపు మరకల చొక్కా స్వాధీనం చేసుకున్న రోజుకూ ఫోరెన్సిక్ ల్యాబు ఎఫ్ఎస్ఎల్‌కు చేరిన రోజుకూ మధ్య వారాలు గడుస్తాయి. అన్నాళ్లూ అది స్టేషన్లో ఎక్కడుంది, బీరువాలోనా, బల్ల కిందా? ముద్దాయి నుంచి తీసిన రక్తం శాంపిల్ కూడా అదే గదిలో ఉందా? సీలు నమూనా విడిగా పంపారా? తీసుకెళ్లిన కానిస్టేబుల్ను సాక్షిగా విచారించారా? రిపోర్టులో "సీళ్లు సరిగా ఉన్నవి" అని ఒక వాక్యం ఉంటుంది. అది ల్యాబు గుమ్మం దగ్గర చూసిన సంగతి, అంతకు ముందు జరిగినదానికి అది జవాబు కాదు. తమిళనాడు నుంచి వచ్చిన మరణశిక్ష కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ముద్దాయిని విడుదల చేస్తూ ఈ ప్రశ్నలన్నీ లేవనెత్తింది. శాంపిల్ 48 గంటల్లోగా ల్యాబుకు చేరాలని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే రిజిస్టరు పెట్టాలని, అది రికార్డులో భాగం కావాలని ఆదేశించింది.

ఇకపై జరిగే కేసులకు ఇది మంచిదే. పాత అప్పీళ్ల మాటేమిటి? వాటికి ఆ రిజిస్టరు లేదు. కాబట్టి జీవిత ఖైదు అప్పీలు అడ్మిట్ అయిన రోజే, స్టేషనులో స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే మాల్‌ఖానా రిజిస్టరు, ల్యాబుకు రాసిన లేఖ, ల్యాబు వర్కింగ్ షీట్లు తెప్పించమని కోరుతున్నాను. అప్పీలులో అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 432వ సెక్షన్ కింద తమకు ఉంది. పాత కోడ్‌లో 391గా ఉన్నప్పుడూ అరుదుగానే వాడారు. ప్రాసిక్యూషన్ ఖాళీలు పూడ్చడానికి కాకుండా, నిజం తేల్చడానికి దాన్ని వాడొచ్చు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో ఒక యువకుడికి లాయరును కేటాయించిన రోజే అభియోగాలు మోపి, రెండు వారాల్లోపే మరణశిక్ష వేశారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేస్తూ, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసుల్లో న్యాయ సహాయ లాయరుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని, సిద్ధమవడానికి కనీసం 7 రోజులు ఇవ్వాలని చెప్పింది. ఆ కేసు మళ్లీ విచారణకు, మళ్లీ మరణశిక్షకు, మళ్లీ హైకోర్టుకు వెళ్లి తిరిగొచ్చింది. డీఎన్ఏ నిపుణులను కోర్టులో ప్రశ్నించాక, 2024లో అదే ఖండ్వా కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. నిపుణుణ్ణి బోనెక్కించి అడిగితేనే తెలిసే సంగతులు ఉంటాయి. మన దగ్గర ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు చాలా కేసుల్లో కాగితంగా మార్క్ అయిపోతుంది, రాసిన మనిషి కోర్టు గడప తొక్కరు.

పోలీసుల ఇబ్బంది నాకు తెలుసు. సాక్షులు ఎదురు తిరుగుతారు, ఊళ్లో ఎవరూ సంతకం పెట్టడానికి రారు, ఒక ఎస్ఐ చేతిలో బందోబస్తు నుంచి హత్య కేసు దాకా అన్నీ ఉంటాయి. రికవరీని పక్కన పడేయమని నేను అనడం లేదు. రుజువు చేయమంటున్నాను. అందరి జేబుల్లో ఫోన్లున్న కాలం ఇది. సోదా, స్వాధీనాలను వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 ఇప్పుడు చట్టంగానే చెబుతోంది. ముద్దాయి తన యాసలో, తన నోటితో చెబుతున్న మాటలు, పొలం గట్టు మీద నడిచి వెళ్లడం, తవ్వడం, తీయడం, సీలు వేయడం అంతా ఒకే వరసలో కనిపించాలి. 2024 జులై తర్వాతి నేరాల అప్పీళ్లు తమ ముందుకు వస్తున్నప్పుడు, వీడియో లేకపోతే ఎందుకు లేదని మొదటి రోజే అడిగితే, ఆ ఒక్క ప్రశ్న ఏడాదిలో ప్రతి స్టేషనుకూ చేరుతుంది. పోలీసు అకాడమీలో ఎన్ని పాఠాలు చెప్పినా ఆ పని కాదు.

ఆలస్యం గురించి ఎక్కువ చెప్పను. అప్పీలు పెండింగులో ఉండగా శిక్ష పడ్డాక అయిదేళ్లు జైల్లో గడిపిన జీవిత ఖైదీలకు, కొన్ని మినహాయింపులతో, బెయిలు ఇవ్వవచ్చని 2016లో హైదరాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఎందరికో ఊపిరి పోసింది. కానీ బెయిలు మీద బయటికొచ్చినవాడికి ఊళ్లో ఎవరూ పని ఇవ్వరు, పిల్లకు సంబంధం రాదు. అతనికి కావాల్సింది తీర్పు. పైగా ఆ అయిదేళ్లలో మధ్యవర్తి రిటైరవుతాడు, స్టేషను కొత్త భవనంలోకి మారుతుంది, పాత రిజిస్టర్లు చెదలు పడతాయి. తీర్పు ఎంత ఆలస్యమైతే ఆధారాన్ని తిరిగి పరీక్షించే అవకాశం అంత చేజారుతుంది. అప్పీలు వాదించే న్యాయ సహాయ లాయరు ఒక్కసారైనా జైలుకెళ్లి, లేదా వీడియోలో, ఖైదీతో మాట్లాడకుండా కేసు విచారణకు పెట్టొద్దని కూడా కోరుతున్నాను. మా ప్యానెల్లో ఈ పని చేసేవాళ్లున్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. పైన చెప్పిన పాత ఫైల్లో భార్య పేరు తప్పు పడిందన్న సంగతి ఆ ఖైదీకి తెలుసు. అతన్ని అడిగినవాళ్లే లేరు.

తప్పుడు ప్రాసిక్యూషన్‌కు బలైనవాళ్లకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టం రాలేదు. అది పార్లమెంటు పని, దాన్ని తమ మీద పెట్టను.

తమ చేతిలో ఉన్న ఒక పనిని మాత్రం వెంటనే చేయమని వేడుకుంటున్నాను. హత్య, అత్యాచారం కేసుల్లో అప్పీలు, ఆపై సుప్రీంకోర్టు గడువు, రివ్యూ అన్నీ ముగిసేదాకా కేసులో స్వాధీనం చేసుకున్న ఏ వస్తువునూ, ఏ శాంపిల్‌నూ ధ్వంసం చేయకూడదని, చేసేముందు హైకోర్టు రిజిస్ట్రీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని రెండు రాష్ట్రాల సెషన్స్ కోర్టులన్నింటికీ ఒక సర్క్యులర్ పంపండి. పెండింగులో ఉన్న ప్రతి జీవిత ఖైదు అప్పీలులో ఆ వస్తువులు ఇప్పుడు ఉన్నాయా, లేవా అని జిల్లా జడ్జీల నుంచి నెల రోజుల్లో నివేదిక అడగండి. లేవని తేలిన కేసులను వరసలో ముందుకు తెచ్చి, ముందుగా వినండి.

ఇట్లు,
విధేయుడు,
క్రిమినల్ అప్పీళ్లలో న్యాయ సహాయ ప్యానెల్ న్యాయవాది